ఎనుముకు నాలుగు గొంతులు

నమోదు 1. పెళ్ళికి నలభై రెండు రోజులు.

బండికి ఏ మార్పు చేసినా యజమాని సొంత చేతిరాతతో ఈ పుస్తకంలో రాయాలని వాహన చట్టం. ఏం చేశారు, ఎందుకు చేశారు, దానివల్ల ప్రజలకు కలిగిన అసౌకర్యం ఏమిటి. చేత్తో రాసే అలవాటున్నవాళ్ళు ఊళ్ళో పదిమందైనా మిగల్లేదు కాబట్టి ఈ నిబంధన నాకు శిక్ష కాదు, సన్మానం.

యజమాని: హాసిని. వయసు డెబ్బై నాలుగు. గండిరేవు కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. హాసిని, లాస్య, గ్రీష్మ అంటే ముసలమ్మల పేర్లని ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. నా మనవరాలి పేరు ఓబుళమ్మ. ఇప్పుడదే ఫ్యాషను.

వాహనం: ఆరు చక్రాల క్వారీ బండి. మా ఆయన ముగ్గురాయి గనుల్లో ఇరవై ఏళ్ళు తోలాడు. దీనికి రోడ్డుతో పనిలేదు. గుట్ట, గుంత, ఇసుక, బురద, ఏదైనా ఒకటే. నల్లగా, బరువుగా, పిలిచినా తల తిప్పకుండా ఉంటుంది కాబట్టి ఆయన దీన్ని ఎనుము అనేవాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. పేరు మిగిలింది.

కారణం: ఈ సాయంత్రం మా వీధిలో ఒక పెళ్ళి మెరవణి పోయింది. రెండు వందల మంది, ఎవరి చెవిలో వాళ్ళకే పాడే రెండు వందల చెవిపూసలు, రెండు వందల పాటలు. ఒకడు ఎగురుతున్నాడు, ఒకామె మెల్లగా ఊగుతోంది, పెళ్ళికొడుకు మేనమామ ఏ విషాద గీతం వింటున్నాడో కళ్ళు తుడుచుకుంటున్నాడు. వీధిలో వినిపించింది మాత్రం చెప్పుల చప్పుడు. పూసలు వచ్చాక రోడ్డు మీద నలభై ఐదు డెసిబెల్స్ దాటి చప్పుడు చెయ్యకూడదని చట్టం వచ్చి ముప్పై ఏళ్ళయింది కదా. దగ్గితే కూడా లెక్కే.

ఓబుళమ్మ నా పక్కనే అరుగు మీద కూర్చుని చూసింది. దానికి ఇరవై ఆరేళ్ళు, పంపుసెట్ల మోటార్లు చుడుతుంది. పుట్టు చెవుడు. పూస చెవిలో నరాన్ని పలకరిస్తుంది, దీని నరం ఎవరు పిలిచినా పలకదు. మా ఇంట్లో అందరం దానితో చేతులతోనే మాట్లాడతాం. మెరవణి మలుపు తిరిగాక అది చేతులెత్తింది.

"నా పెళ్ళికి మెరవణి వద్దు జేజీ."

"ఎందుకే?"

"నేను ఎవర్ని చూసి అడుగెయ్యాల? ముందు వాన్ని చూస్తే ఒక దెబ్బ, పక్కదాన్ని చూస్తే ఇంకో దెబ్బ. అందరూ ఎగురుతాంటే నేను గుంజ మాదిరి నిలబడుకోవాల."

"మరేం కావాలి నీకు?"

దాని వేళ్ళు మెల్లగా కదిలాయి: "ఒక్కసారి జేజీ. అందరూ, నేనూ, ఒకే దెబ్బకు ఒకే అడుగు. అంతే."

అందుకని ఎనుముకు గొంతు పెట్టాలని నిశ్చయించాను. మెరవణి పెన్నలో పోతుంది. ఏరు ఎండి ఇసుక తేలి ఉంది. చట్టం రోడ్డు మీద చప్పుడు గురించే చెప్పింది. పెన్న రోడ్డు కాదు.

ప్రజలకు అసౌకర్యం: ఇంకా లేదు. ప్రయత్నిస్తున్నాం.

నమోదు 2. ముప్పై తొమ్మిది రోజులు.

ముందు ఓబుళమ్మకు ఏది అందుతుందో కనుక్కోవాలి. దాని షాపులో బాగుచేసిన మోటారును బల్లకు బిగించి, వేగం మారుస్తూ, ఎక్కడ ఒంటికి తెలుస్తోందో చెప్పమన్నాను. సెకనుకు ముప్పై నుంచి అరవై కంపనాల మధ్య అది పక్కటెముకలతో వింటుంది, అరికాళ్ళతో వింటుంది. అక్కడినుంచి పైకి పోతే దాని ఇలాకా కాదు.

అంత లోతు గొంతు కావాలంటే గాలిని తట్టడం కాదు, నెట్టాలి. దానికి పెద్ద స్పీకర్లు కావాలి. పద్దెనిమిది అంగుళాలవి నాలుగు. పెరట్లో సుద్దముక్కతో బండి కొలతలు గీసి, వెనక తొట్టిలో చెక్కపెట్టె ఎంత పడుతుందో లెక్క వేశాను. పెట్టెకు కింద గొట్టం పెట్టి ఒక నోరు ఉంచాలి. ఖాళీ కుండ మూతి దగ్గర ఊదితే కుండ తన సొంత గొంతుతో బుమ్మంటుంది కదా, ఈ పెట్టె ముప్పై నాలుగు దగ్గర అలా అనాలి. గొట్టం పొడవు అందుకే ఒక మూర మూడు వేళ్ళు. వేళ్ళు నావి.

ఓబుళమ్మ గీతల చుట్టూ తిరిగి చూసి, "ఎనిమిది పెడదాం," అంది.

"ఎనిమిది పెడితే పెళ్ళికొడుకు ఎక్కడ కూచుంటాడే?"

"నడుస్తాడు."

పెళ్ళికొడుకు లింగన్న మంచివాడు. పాపం, మా ఇంటికి తెలిసే వస్తున్నాడు.

నమోదు 3. ముప్పై ఐదు రోజులు.

పద్దెనిమిది అంగుళాల స్పీకరు లోకంలో చేసి నలభై ఏళ్ళయింది. అయితే బస్టాండు వెనక ఒక పాత సినిమా హాలు ఉంది, ఇప్పుడు ఉల్లిగడ్డల గోడౌను. తెర చింపేశారు గానీ తెర వెనక ఉన్నదాన్ని కదపడానికి ఎవరికీ ఓపిక లేదు. నాలుగు స్పీకర్లు, వాటి ఆంప్లిఫయరు, అన్నీ అక్కడే ఉన్నాయి.

"అవా? ఉల్లిగడ్డలు ఆరబోసుకునే పళ్ళేలనుకుంటి గదమ్మా," అన్నాడు గోడౌను ఆయన. "తీసకపోండి, నాకు కాళ్ళకు అడ్డం తగల్తాండాయి."

ఇనుము బాగుంది, అయస్కాంతాలు బాగున్నాయి. గరాటు ఆకారంలో ఉండాల్సిన కాగితం మాత్రం నాలుగింటికీ లేదు. ఎలుకలకు పాత సినిమాల మీద మోజు. ఆ కాగితమే స్పీకరుకు పెదవి. అది తేలిగ్గా ఉండాలి, గట్టిగా ఉండాలి. ఎక్కడ తేవాలి?

ఇంటికొచ్చి బియ్యం చెరుగుతూంటే చేతిలోనే కనిపించింది. మా అవ్వ కొత్త చాట కొంటే వెంటనే వాడేది కాదు. పాత కాగితాలు, మెంతులు రాత్రంతా నానబెట్టి, రోట్లో రుబ్బి, ఆ గుజ్జు చాటకు రెండువైపులా పట్టించి ఎండలో పెట్టేది, వెదురు సందుల్లోంచి పిండి కారకుండా. ఎండాక వేలితో మీటితే టంగుమనేది. తేలిక, గట్టి.

కాగితాలకు కొదవ లేదు. ముప్పై ఒక్క ఏళ్ళ జవాబు పత్రాలు అటక మీద పదిహేడు మూటలున్నాయి. ఎందుకు దాచావని మా కొడుకు ఏటా అడుగుతాడు. ఇందుకే నాయనా.

నమోదు 4. ముప్పై రోజులు.

బంకమట్టితో అచ్చు పోసి, గుజ్జు పరిచి, నాలుగు గరాటులు ఆరబెట్టాం. అంచులకు లారీ ట్యూబు రబ్బరు. తీగచుట్టలు ఓబుళమ్మ చుట్టింది. ఒక్క చుట్టు మీద ఒక్క చుట్టు, వెంట్రుక పట్టనంత దగ్గరగా. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రాక్టికల్స్ చేయించాను, అలాంటి చుట్ట ఒక్కటి చూడలేదు. పైకి చెప్పలేదు. తల ఎక్కితే పని తగ్గుతుంది.

సాయంత్రం జశ్వంతన్న దగ్గరికి వెళ్ళాం. ఎనభై ఏళ్ళవాడు. మా వైపు డప్పును పలక అంటాం, ఆ పలక కొట్టడంలో ఈయన్ను మించినవాడు చుట్టుపక్కల లేడు. చట్టం వచ్చిన రోజు దించిన పలక ముప్పై ఏళ్ళుగా కోళ్ళగంప మీద మూతగా ఉంది.

"మళ్ళీ కొడతావా జశ్వంతన్నా?"

"చేతులు మర్సిపోయింటాయి టీచరమ్మా."

"మర్చిపోతే గుర్తు చేసుకుందాం. కోళ్ళను వేరే దేంతోనైనా మూసుకో."

గడ్డి మంట వేసి పలక కాచాడు. తోలు బిగిసేదాకా తిప్పి తిప్పి కాచాడు. చిటికెన పుల్లతో ఒకటి, లావు పుల్లతో ఒకటి, రెండు దెబ్బలు వేసి ఆగి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పొగ కళ్ళలో పడిందన్నాడు. పొగ అటువైపు పోతోంది, ఆయన ఇటువైపు కూర్చున్నాడు. ఫిజిక్స్ చెప్పినదాన్ని కాబట్టి నాకు తెలుసు. చెప్పలేదు.

పలక గొంతు ఓబుళమ్మకు అందేదానికంటే పైన పడుతుంది. మైకు పెట్టి, ఆ గొంతును కిందికి దించే చిన్న పెట్టె ఒకటి నేను కట్టాలి. కట్టగలను.

నమోదు 5. ఇరవై రోజులు.

పెరట్లో మొదటి పరీక్ష. నాపరాళ్ళ గచ్చు మీద బండి, గని డ్రిల్లు బ్యాటరీలకు తగిలించిన ఆంప్లిఫయరు, మైకు ముందు జశ్వంతన్న. దెబ్బ పడగానే ఎనుము హెడ్‌లైట్లు ఒకసారి కళ్ళు మూసి తెరిచాయి. వంటింట్లో గిన్నెలు వరుసగా నడిచి గట్టు అంచుదాకా వచ్చి ఆగాయి.

ఓబుళమ్మ చెప్పులు విడిచి గచ్చు మీద నిలబడింది. రెండో దెబ్బకు నోరు తెరిచింది. మూడో దెబ్బకు రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నావైపు చూసింది. ఆ చూపు ఈ పుస్తకంలో రాయడానికి గడి లేదు.

పావుగంట కొట్టి ఆపాం. తర్వాత తెలిసింది, పూసల షాపు ముందు నలభై మంది వరసలో నిలబడ్డారని. ముప్పై ఏళ్ళుగా బయటినుంచి వచ్చే చప్పుడు ఎరగనివాళ్ళు కదా, అందరూ తమ పూస చెడిపోయిందనుకున్నారు. "తగ్గించు అంటే తగ్గదు, ఆపు అంటే ఆగదు, ఎముకల్లోనించి వస్తాంది," అని ఒకాయన కొత్త పూస అడిగాడట. వరసలో మా కోడలు కూడా ఉంది. నాకేసి చూసి, వంటింట్లో గిన్నెలు సర్దుకుంది.

ప్రజలకు అసౌకర్యం: నలభై మంది, ఒక కోడలు.

నమోదు 6. పదిహేడు రోజులు.

శబ్దశాఖ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చేతిలో మీటరు, చంకలో నోటీసు. గుమ్మంలోనే గుర్తుపట్టాను.

"పుల్లయ్యా! సెకండియర్, మూడో బెంచి, కిటికీ పక్క."

అతని చేతిలో మీటరు కొంచెం కిందికి దిగింది. "నమస్తే మేడమ్. ఇంకా గుర్తుండానా?"

"ధ్వని పరీక్షలో ముప్పై ఆరు. ఇప్పుడు ధ్వని మీద ఇన్‌స్పెక్టరువా? ప్రభుత్వానికి హాస్యం తెలుసు."

కాఫీ తాగించాను. ఓబుళమ్మ చుట్టిన చుట్టలు చూపించాను. అతను నోటీసును మోకాళ్ళ కింద పెట్టుకుని కూర్చున్నాడు గానీ మరిచిపోలేదు.

"మేడమ్, మీరు చెప్పినట్టు పెన్న రోడ్డు కాదు, నేనూ ఒప్పుకుంటా. కానీ ఊళ్ళో మళ్ళా ఒక్క ఇంట్లో ఒక్క గిన్నె కదిలిందంటే బండి జప్తు. నా చేతుల్లో ల్యా. గట్టు మాత్రం రోడ్డే, ఆ రోజు నేను దాని మీద మీటరు పట్టుకోని నిలబడతా. నలభై ఐదు దాటితే అక్కడికక్కడ ఆపల్ల."

"నిలబడు నాయనా. అక్షింతలు కూడా అక్కడికే పంపిస్తాం."

అతను పోయాక అటకెక్కి మిగిలిన మూటలు విప్పించాను. ఆ పత్రం దొరికింది. ముప్పై ఆరు. ఏడో ప్రశ్న: 'శబ్దతీవ్రతను కొలిచే మీటరు మంద్ర ధ్వనులను తక్కువగా ఎందుకు చూపుతుంది?' జవాబు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆ పత్రాన్ని గుజ్జులో వెయ్యలేదు. పక్కన పెట్టాను.

నమోదు 7. పదకొండు రోజులు.

ఇది రాయడం కష్టంగా ఉంది.

ఎనుమును పెన్నలోకి దింపాం. బండి నడకకు వంక లేదు, మోకాటిలోతు ఇసుకలో ఏనుగు పిల్లలా పోయింది. బండి వెనక పాతిక అడుగుల దూరంలో, మెరవణి నడిచేచోట, ఓబుళమ్మను నిలబెట్టి జశ్వంతన్నను కొట్టమన్నాను.

పెరట్లో గచ్చు ఉంది, గోడలున్నాయి. ఇక్కడ ఏమీ లేవు. ఎండు ఇసుక కంపనాన్ని కాలిదాకా రానివ్వదు. ఆకాశానికి గోడల్లేవు. నాలుగు గరాటులూ కనిపించేలా ఊగుతున్నాయి, చెయ్యి ఎంత సాచినా ఏమీ తగలనట్టు పోతోంది చప్పుడు. పెంచాను. ఇంకా పెంచాను. మూడో గరాటు నిలువునా చిరిగింది.

ఓబుళమ్మ మాత్రం అక్కడ అడుగులేస్తోంది. నవ్వుతోంది. "బాగుండాది జేజీ! తెలుస్తాంది!"

అనుమానం వచ్చింది. బండి చాటుకు పోయి స్విచ్ ఆపేశాను. జశ్వంతన్నకు సైగ చేశాను, పుల్లలు దించాడు.

అది అడుగులేస్తూనే ఉంది. నవ్వుతూనే ఉంది.

దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నా ముఖం చూసి ఆగింది.

"ఎంతసేపయింది ఆపి?"

"చాలాసేపు."

"నువ్వు అంత కష్టపడ్నావు జేజీ. బాగల్యాదని ఎట్ల చెప్పాల?"

ఇద్దరం ఇసుకలో కూర్చున్నాం. తిడదామనుకున్నాను. నాకు తిట్లు దొరకకపోవడం పెళ్ళైనప్పటినుంచి ఇదే మొదటిసారి.

నమోదు 8. తొమ్మిది రోజులు.

చిరిగిన గరాటుకు కొత్తది చెయ్యాలి. పనికొచ్చినా రాకపోయినా చిరిగినదాన్ని చిరిగినట్టు వదలడం నాకు చేతకాదు. పెన్న ఒడ్డున చింతచెట్ల కిందే మకాం. నేను గుజ్జు రుబ్బుతున్నాను. మిగిలిన గుజ్జును, ఊరికే పోతుందెందుకని, ఇంటినుంచి తెచ్చిన పాత చాటకు పట్టించి ఎండలో పెట్టాను. జశ్వంతన్న మిగతా మూడు స్పీకర్ల ముందు చేయి సాధన చేసుకుంటున్నాడు.

చాట ఎండిందేమో చూడమని ఓబుళమ్మను పంపాను. వెళ్ళింది. రెండు చేతులతో చాట అంచులు పట్టుకుని ఎత్తింది. వెంటనే పాము కనిపించినట్టు కిందపడేసింది.

"ఏమైందే?"

చాటవైపే చూస్తోంది. వంగి మళ్ళీ ఎత్తింది, ఈసారి మెల్లగా. చాట వెడల్పు భాగాన్ని బండికేసి తిప్పింది. కళ్ళు మూసుకుంది. కుడికాలు లేచింది.

నేను జశ్వంతన్నవైపు చూశాను. ఒకటి, రెండు, ఆగు. ఒకటి, రెండు, ఆగు. ఓబుళమ్మ అడుగూ అదే. ఆయన దరువు మార్చాడు, చెప్పకుండా. దాని అడుగు మారింది.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు బల్ల గుద్ది చెప్పిన పాఠం: గాలిని కదిపేది ఏదో, గాలి కదిపేదీ అదే. స్పీకరుకు పనికొచ్చిన కాగితం, మెంతులు, వెడల్పు, తేలికదనం, అవన్నీ చాటకూ ఉన్నాయి. ఇసుక నేల చెయ్యనిది చేతుల్లో చాట చేసింది. అంత చదువూ చదివి ఆ సగం నేను చూడలేదు. మోటార్లు చుట్టే పిల్ల చూసింది.

అది పరుగెత్తుకొచ్చి చాట నా చేతుల్లో పెట్టింది. దరువు అరచేతుల్లోకి, మోచేతుల్లోకి, అక్కడినుంచి గుండెల్లోకి ఎక్కింది. నాకు చెవులు పనిచేస్తాయి, అయినా అది విననంతవరకూ నేను విన్నట్టు కాదనిపించింది.

"జేజీ, అందరికీ చాటలు కావాల," అంది. "నేనొక్కదాన్నే పట్టుకుంటే మళ్ళా గుంజ మాదిరే."

నమోదు 9. రెండు రోజులు.

చాట అంటే ఏమిటో చూపించడానికి నేను ఇంటింటికీ ఒక చాట పట్టుకుని తిరిగాను. గోడకు అలంకారంగా తగిలించుకున్నవాళ్ళు పదకొండు మంది దొరికారు. వెదురు అల్లే మేదరి వీధిలో వంద చాటలు అడిగితే, ఇన్ని చాటలు ఎవరికమ్మా ఇప్పుడు అని నవ్వి, నిద్ర మానుకుని అల్లారు. నాలుగు రోజులుగా మా ఇల్లు మెంతుల వాసన. పదిహేడు మూటల్లో రెండే మిగిలాయి. మా కోడలు కూడా రుబ్బింది. పూస తీసి గట్టు మీద పెట్టి రుబ్బింది, అది నేను చూశానని దానికి తెలియదు.

మా పాతదానితో కలిపి మొత్తం నూట పన్నెండు చాటలు. పెళ్ళికి వచ్చేవాళ్ళు రెండు వందల పైన. ఇద్దరికి ఒకటి పట్టుకోవచ్చు. పెళ్ళిలో అది మంచిదే.

ఒక చాట వెనక మాత్రం గుజ్జు కాకుండా ఒక జవాబు పత్రం అలాగే అతికించాను.

నమోదు 10. పెళ్ళి.

తాళి పొద్దున్నే అయిపోయింది. పది గంటలకు మెరవణి పెన్నలోకి దిగింది. ముందు ఎనుము, మెడలో బంతిపూలు. తొట్టిలో నాలుగు గొంతుల పెట్టె, దాని మీద దోమతెర, ఇసుక పడకుండా. పెట్టె పక్కన జశ్వంతన్న, కొత్త పంచెలో. స్టీరింగు దగ్గర నేను. వెనక పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ, నడుస్తూ. లింగన్న చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. వాళ్ళ వెనక ఊరు.

గట్టు మీద పుల్లయ్య, మీటరు, గొడుగు.

చుట్టాలు చాటలు తీసుకున్నారు గానీ మొహమాటానికి తీసుకున్నట్టు తీసుకున్నారు. "బియ్యం చెరగాలా?" అని ఒకామె అడిగింది. అందరి చెవుల్లో పూసలు. పూస బయటి చప్పుడును ఆపేస్తుంది కాబట్టి మొదటి దెబ్బ పడినప్పుడు ఎవరూ తల తిప్పలేదు.

చేతులు మాత్రం తిరిగాయి. లింగన్న మేనత్త చాటను చూసింది, చాట వెనక చూసింది, పక్కామెకు ఇచ్చి చూడమంది. కాసేపు భలే గందరగోళం. చెవిలో ఒక తాళం, చేతిలో ఒక తాళం. నలుగురు చెవి ప్రకారం పోయి తూలారు. ఇద్దరు గుద్దుకున్నారు. ఓబుళమ్మ వాళ్ళ మధ్యకు వెళ్ళి, మేనత్త చెవిలోంచి పూస తీసి, ఆమె అరచేతిలో పెట్టి మూసింది. పెళ్ళికూతురు చేస్తే ఎవరు కాదంటారు? మేనత్త నిలబడి వింది. "ఒరేయ్, ఇది అందరికీ వస్తాందిరా!" అని అరిచింది. మా ఊళ్ళో ముప్పై ఏళ్ళ తర్వాత బహిరంగంగా ఒక మనిషి అరవడం అదేననుకుంటాను.

తర్వాత పూసలు రాలడం మొదలైంది. జేబుల్లోకి, కొంగు ముడుల్లోకి, తాంబూలాల పళ్ళెంలోకి. జశ్వంతన్న దరువు పెంచాడు. హెడ్‌లైట్లు దెబ్బకొకసారి కన్ను కొడుతున్నాయి. రెండు వందల మంది కుడికాళ్ళు ఒక్కసారి ఇసుకలో దిగాయి. ఎడమకాళ్ళు. మళ్ళీ కుడికాళ్ళు. మధ్యలో మా ఓబుళమ్మ, చాట గుండెకు ఆనించుకుని. అది ఎవర్నీ చూడటం లేదు. కళ్ళు మూసుకుని ఆడుతోంది.

పుల్లయ్య గట్టు దిగి వచ్చాడు. మీటరు నాకు చూపించాడు. నలభై ఒకటి.

"మేడమ్, ఇది చెడిపోయినట్టుండాది. నా దవడ కదుల్తాంది, దీనికి ఏమీ తెలుస్తల్యా."

"చెడిపోలేదు నాయనా. ఇదిగో, నీ చాట." వెనక్కి తిప్పి చూపించాను.

తన చేతిరాత తనే గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. ముప్పై ఆరు చూశాడు. ఏడో ప్రశ్న చూశాడు, కింద ఖాళీ చూశాడు. మీటరు చూశాడు. అంత పెద్ద ఆఫీసరు, చెవులదాకా ఎర్రబడ్డాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, బండి బానెటు మీద చాట పెట్టుకుని, ఏడో ప్రశ్నకు జవాబు రాశాడు: 'మీటరుకు మనిషి చెవి లెక్క నేర్పినారు కాబట్టి. చేతుల లెక్క నేర్పలేదు.' రెండో వాక్యం సిలబస్‌లో లేదు. నాలుగు మార్కులు ఎక్కువేసి నలభై చేశాను. చాట పట్టుకుని వరసలోకి వెళ్ళాడు. మీటరు ఇసుకలో ఉంది.

ఒక్క పని మిగిలింది. నేను ఫిజిక్స్ మనిషిని. ఒక పరీక్ష తప్పాక మళ్ళీ చెయ్యకుండా ఫలితం రాయలేను. ఆట బాగా వేడెక్కాక, జశ్వంతన్నకు కనుసైగ చేసి, స్విచ్ ఆపేశాను.

రెండు వందల మంది ఆడుతూనే ఉన్నారు. ఒంట్లో ఊపు ఎక్కిన జనం, ఆగిందని తెలియలేదు. మేనత్త ఆడుతోంది. మా కోడలు ఆడుతోంది. పుల్లయ్య ఆడుతున్నాడు, శబ్దశాఖ ఇన్‌స్పెక్టరు, శబ్దం లేకుండా.

ఒక్కతే ఆగిపోయింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే. కళ్ళు తెరిచి, అంతమంది తలల మీదుగా సూటిగా నావైపు చూసి, చాట చంకలో పెట్టుకుని, రెండు చేతులూ ఎత్తి అడిగింది:

"ఏం జేజీ, ఆపేస్తివే?"

ప్రజలకు అసౌకర్యం: మూడున్నర సెకన్లు, స్విచ్ ఆపినందుకు. మళ్ళీ జరగదు.